ఎనిమిది బ్లాకులూ ఒకేసారి

మూడో చిప్పు కూడా నా చేతిలోనే కాలిపోయింది. అరచేయంత చిప్పు, లోపల కోట్లకొద్దీ ట్రాన్సిస్టర్లు. సాకెట్‌లో పెట్టి స్విచ్ వేశానో లేదో, చిటపటమని ఒక మూల పగిలి నల్లబడింది. టెస్టింగ్ గదిలో ఇరవై ఏళ్లుగా నా పని ఇంతే. పెట్టడం, వెయ్యడం, రాయడం.

మేనేజరు వచ్చాడు. వెనకే మా అక్క మొగుడు. ఆ చిప్పు డిజైన్‌కి ఆయనే పెద్ద తలకాయ.

"వీడు సాకెట్ బిగించడం రాక కాల్చేస్తున్నాడు సార్," అన్నాడు బావ, నా మొహం చూడకుండా.

"అయితే రేపట్నుంచి రావద్దు," అన్నాడు మేనేజరు.

"బావా, చిప్పులోని ఎనిమిది బ్లాకులూ కలిపి ఒక్కసారైనా కంప్యూటర్లో నడిపి చూశావా?"

చూడలేదని నాకు తెలుసు. అంత పెద్ద చిప్పును మొత్తంగా పరీక్షించాలంటే నెలలు పడుతుందని, ఎనిమిది జట్లు ఎవరి ముక్క వాళ్లు చూసుకున్నారు. మిగతా ఏడూ నిద్రపోతున్నాయనుకుని ప్రతి జట్టూ కరెంటు లెక్కేసుకుంది. ఇక్కడ స్విచ్ వేస్తే ఎనిమిదీ ఒక్కసారే లేస్తాయి. కరెంటు వచ్చే తీగలు ఆ కాలిన మూలనే ఉన్నాయి.

"ఎనిమిదో క్లాసు తప్పినోడివి, నాకు పాఠం చెప్తావురా?" బావ నా చెంప ఛెళ్లుమనిపించాడు.

నా పిడికిలికి ఆయన పన్ను గుచ్చుకుంది. తెల్లకోటు మీద నెత్తురు పడింది. మెడ పట్టి ఈడ్చుకెళ్లి, నాలుగో చిప్పు పెట్టి, సాకెట్ మూత బిగించాను. మూతకున్న రంధ్రంలోంచి కనిపించే చిప్పు మీద ఆయన అరచేతిని అదిమిపట్టాను.

"బిగింపు సరిగ్గా ఉందా? చూసుకో బావగారూ. నీ లెక్క కరెక్టయితే చక్కిలిగింత కూడా పెట్టదు."

"వద్దురా! కాలిపోద్ది! అన్నీ ఒకేసారి లేస్తాయి, నేను చూళ్లేదు, సార్, నేనే చూళ్లేదు!"

మేనేజరు విన్నాడు. నా ఉద్యోగం నిలబడింది. చెయ్యి వదిలేస్తే సరిపోయేది.

స్విచ్ వేశాను.

చర్మం కమురు వాసన గదంతా కమ్ముకుంది. కాపలావాళ్లు కర్రలతో నా మోకాళ్లు విరగ్గొట్టి మెట్లమీదుగా ఈడుస్తుంటే, పైన మేనేజరు ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు: "బ్లాకులు ఒకదాని తర్వాత ఒకటి లేచేలా మార్చండి. అవును, మా వాళ్లే కనిపెట్టారు."