కొండమీద పరాయివాళ్ళెవరు?

లాన్‌మోయ్ మొగుడికి తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా తెల్లదొరల న్యాయం మీద నమ్మకం. తాగుడుకైనా మందుందేమో గానీ దీనికి లేదని ఆమె బావి దగ్గర రోజూ వాపోయేది. బడిలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చిన పాపానికి ఫుక్‌సాంగ్, కోడి పోయినా పోలీసు ఠాణాకే నడిచేవాడు.

ఈసారి కోడి కాదు, కొండే పోయేలా ఉంది.

చైనా మీద జపాను బాంబులు వేస్తున్న ఏడాది అది. తెల్లదొరల ఏలుబడిలోని జొహోర్ ఒడ్డున వీళ్ళు పనిచేసే రబ్బరుతోట మాత్రం జపాను కంపెనీదే. కొండమీది కూలీల గుడిసెలు పీకి, సమాధులు చదును చేసి, అక్కడ తనకో బంగళా కట్టాలన్నాడు మేనేజరు కుమగాయి. ఆ సమాధులు చైనా కూలీల అయినవాళ్ళవి. ముసలి కూలీ చియాంగ్ తాత తన భార్య సమాధికి అడ్డం పడుకుంటే, కుమగాయి మనుషులు గునపంతో ఆయన మోకాలిచిప్ప పగలగొట్టారు. మర్నాడు తోటలో ఒక్క చెట్టుకీ గాటు పడలేదు.

రబ్బరు ఆరబెట్టే పొగగదిలో సమ్మె మీటింగు. చైనావాళ్ళూ, అరవ కూలీలూ కిక్కిరిశారు.

"ఆ జపానోడికి కొండెందుకు? గాలికా?" అన్నాడు ఫుక్‌సాంగ్. "ఎదుటి ఒడ్డున తెల్లోళ్ళ యుద్ధనౌకలన్నీ అక్కణ్ణుంచి కనబడతాయి. ఈ మాట తెల్లదొర చెవినేస్తే చాలు, వీణ్ణి మెడబట్టి గెంటేస్తాడు."

"గెంటి, కొండ నీ పేర రాస్తాడా?" అంది లాన్‌మోయ్.

గది గొల్లున నవ్వింది.

"నువ్వూరుకోవే! రాజకీయం నీకేం తెలుసు?"

"రాజకీయం తెలీదయ్యా, వంట తెలుసు. కోడిని నక్క ఎత్తుకుపోతోందని తోడేలుకి చెప్పొస్తానంటున్నావు. ఎవరు తిన్నా కోడి మనమేగా?"

"అక్క చెప్పేదే నిజం," అంది అరవ కూలీ మునియమ్మ. "మా కూలీ లైన్ల ఇళ్ళ మీద లాఠీలు పడ్డప్పుడు ఏ దొర అడ్డమొచ్చాడు?"

అయినా చేతులెత్తితే ఫుక్‌సాంగ్ మాటే నెగ్గింది. నమ్మడం తేలిక మరి.

ఫుక్‌సాంగ్ ఠాణాకు నడిచి చెప్పొచ్చాడు. దొర నిజంగానే వచ్చాడు, లారీలనిండా సిపాయిలతో. కుమగాయికి కుర్చీ వేయించి, టీ ఇప్పించి, మర్యాదగా కారెక్కించాడు. తర్వాత కూలీల వైపు తిరిగాడు.

"మా యుద్ధనౌకల రేవు కనబడే చోట పరాయివాళ్ళు ఉండకూడదు. ఈ కొండ ఇక సర్కారుది. వెంటనే ఖాళీ చెయ్యండి. మీరు చైనావాళ్ళు, వాళ్ళు ఇండియావాళ్ళు."

ఫుక్‌సాంగ్ ఆ మాటలు అందరికీ చెప్పాడు.

"మరి తమరిది ఏ ఊరో అని దొరని అడుగు," అంది లాన్‌మోయ్.

జీవితంలో మొదటిసారి పెళ్ళాం మాటను ఫుక్‌సాంగ్ పొల్లుపోకుండా ఇంగ్లీషులోకి మార్చాడు. జవాబు తుపాకీ మడమతో వచ్చింది. ముందుపళ్ళు రాలాయి.

గుడిసెలకు నిప్పు పెట్టారు. జనం సమాధుల చుట్టూ చేతులు కలిపి నిలబడ్డారు. లాఠీలు ఆ గొలుసును తెంపలేకపోయాయి, తూటాలు తెంపాయి. పక్కవాళ్ళ భుజాల ఆసరాతో నిలబడ్డ చియాంగ్ తాత తన భార్య సమాధి మీదే ఒరిగిపోయాడు. పక్కన ఇద్దరు కూలిపోయారు. తూటా తగిలి మునియమ్మ భుజం చీలిపోయింది. లాన్‌మోయ్ ఆమె రెండో చెయ్యి పట్టుకుంది. ఖాళీల్లోకి వెనకవాళ్ళు వచ్చి నిలబడ్డారు. గొలుసు మళ్ళీ కలిసింది. సిపాయిల్లో ఒకడు తుపాకీ దించేసి నేలచూపులు చూశాడు.

ఫుక్‌సాంగ్‌ను జుట్టు పట్టి లారీలోకి ఈడుస్తున్నారు. నోటినిండా నెత్తురు. పిడికిలితో తుడుచుకుని, కొండంతా వినబడేలా అరిచాడు:

"తప్పు నాదేనర్రా! దొంగ మీద దొంగకి చెప్పొచ్చాను! లానూ, నేనే తప్పు! మీరు మాత్రం కొండ దిగొద్దు!"