గంటకో చుక్క

ఆ కంటి ఆసుపత్రిలో పెద్ద డాక్టరుకి సిబ్బంది పెట్టుకున్న పేరు రెణ్ణిమిషాల దొర. రోగి వచ్చి, గడ్డం యంత్రానికి ఆనించి, కన్ను తెరిచేలోపే ఆయన చీటీ రాయడం అయిపోయేది. రాస్తున్నంతసేపూ రోగి మొహం చూసేవాడు కాదు. ఎదురుగోడకున్న తన ఫోటో చూసుకునేవాడు. అందులో ఆయన ఎవరి చేతుల మీదుగానో శాలువా కప్పించుకుంటూ ఉంటాడు. కప్పుతున్నవాడి తల ఫ్రేములో పట్టలేదు. పట్టకపోయినా ఆయనకేం బెంగ లేదు.

ఈ దొర సంగతి మందుల గది ఆవిడకి తెలిసినంత మరెవరికీ తెలియదు. ఆయన ఆవిడ స్వయానా చెల్లెలి మొగుడు. ఆసుపత్రిలో "డాక్టర్‌గారూ" అని పిలిచేది. ఇంటికొస్తే ఏ పిలుపూ లేకుండానే పని గడుపుకునేది. పదహారేళ్ళుగా ఆయన భోజనాల దగ్గర చెప్పుకునే గొప్పలు వింటూ, వాటిని అన్నంతో పాటు నమిలి మింగేయడం ఆవిడకి బాగా అలవాటైపోయింది.

బజార్లో దొరకని కంటి చుక్కలు కలపడం ఆవిడ పని. గాజు తలుపుల గది, గాలిని వడపోసే బల్ల, మోచేతుల దాకా తొడుగులు. చీటీలు తీసుకునే కిటికీ కూడా ఆ గదికే ఉంది. ఎవరు ఏ మందుతో వెళుతున్నారో, ఎన్నోసారి వస్తున్నారో, కళ్ళు తుడుచుకుంటూ ఏమని గొణుక్కుంటున్నారో, అన్నీ ఆ కిటికీలోంచి కనిపించేవి, వినిపించేవి.

ఒక సోమవారం సిటీ బస్సు డ్రైవరమ్మ ఆ కిటికీ దగ్గరికి వచ్చింది. నలభై దాటని మనిషి, గట్టి చేతులు. ఎడమ కంటి మీద మడతపెట్టిన గుడ్డ అదిమి పట్టుకుంది. చీటీలో కంటి సర్పికి, అదే హెర్పిస్‌కి, వాడే లేపనం రాసి ఉంది.

"ఇద్దరు పిల్లల్ని కన్నాను మేడమ్. ఆ నొప్పులు దీని ముందు ఎందుకూ పనికిరావు" అంది డ్రైవరమ్మ.

కన్ను చూస్తే కొంచెం ఎర్రబడిందంతే. అంత కాస్త ఎరుపుకి అంత నొప్పా! ఆవిడకి అనుమానం వచ్చింది.

"లెన్సులు పెట్టుకుంటారా?"

"పన్నెండేళ్ళ నించీ. కళ్ళజోడు పెడితే చెమటకి జారిపోద్ది."

"దేంతో కడుగుతారు?"

"దాని మందు నీళ్ళుంటే దాంతోనే. అయిపోతే డిపోలో కుళాయి ఉందిగా."

ఆవిడ చీటీని మరోసారి చదివింది. కుళాయి నీళ్ళలో, ట్యాంకు అడుగున, మట్టిలో ఎవరి జోలికీ పోకుండా బతికే అమీబా ఒకటుంది. లెన్సు కింద చేరిందా, కంటి నల్లగుడ్డు మీది పొరని తొలిచేస్తుంది. చదువుకునే రోజుల్లో అలాంటి కన్ను ఒకటి చూసింది. మొదట సర్పి అనుకున్నారు, తర్వాత ఇంకేదో అనుకున్నారు, చివరికి కన్నే తీసేశారు.

చెబుదామని నోరు తెరిచింది. పైన కూర్చున్నవాడు మరిది, కింద కూర్చున్నది తను. చీటీ మీద ఉన్నది డాక్టరు సంతకం. నోరు మూసుకుని లేపనం ఇచ్చింది.

వారం తిరిగేసరికి డ్రైవరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి చీటీలో వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కలు అదనంగా చేరాయి. అమీబా ఉన్న కంట్లో అవి పోయడమంటే కాపలావాణ్ణి జోకొట్టి నిద్రపుచ్చడమే. ఆవిడ ఆ చీటీ పట్టుకుని పై అంతస్తుకి వెళ్ళింది.

"డాక్టర్‌గారూ, ఈమె లెన్సులు కుళాయి నీళ్ళలో కడుగుతుందట. ఒకసారి పొర గీకి, ల్యాబులో చూపిస్తే... అమీబా ఏమోనని."

దొర కుర్చీ వెనక్కి వాలి నవ్వాడు. "అమీబానా? వదినగారూ, ఇది కన్నండీ, కడుపు కాదు." పక్కనున్న నర్సు కూడా నవ్వాలేమోనని నవ్వింది. "మీరు చుక్కలు కలపండి. ఆలోచనలు మేం కలుపుతాం."

ఈ ముక్క ఆయనకి ఎంత నచ్చిందంటే, ఆ ఆదివారం భోజనాల దగ్గర మళ్ళీ చెప్పి మళ్ళీ నవ్వాడు. చెల్లెలు కూడా నవ్వింది. ఆవిడ మజ్జిగ పోసుకుంది. ఈ మనిషి చేతికి కళ్ళు అప్పగించిన లోకం మీద ఆవిడకి జాలి వేయలేదు, రోత పుట్టింది. స్టెరాయిడ్ చుక్కలు మాత్రం అప్పటికే డ్రైవరమ్మకి ఇచ్చేసింది.

మూడో వారం డ్రైవరమ్మ మొగుడి భుజం పట్టుకుని వచ్చింది. వెలుతురు తగిలితే కేక పెడుతోంది. నల్లగుడ్డు చుట్టూ తెల్లటి ఉంగరంలా గీత తేలింది. దొర ఏదో సన్మానం కోసం పొరుగూరు వెళ్ళాడు. అది ఆ కంటి అదృష్టం. ఆవిడ ఈసారి చీటీ ముట్టుకోలేదు. డ్రైవరమ్మని చెయ్యి పట్టుకుని తిన్నగా, దొర కింద పనిచేసే చిన్న డాక్టరమ్మ గదికి తీసుకుపోయి, కుళాయి సంగతీ, లేపనం సంగతీ, చుక్కల సంగతీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

చిన్న డాక్టరమ్మ యంత్రంలో చూసింది. చాలాసేపు చూసింది. "ఎన్ని రోజులైంది?" అనడిగి, సమాధానం విని, పొర గీకింది.

ఆ మధ్యాహ్నమే ల్యాబువాళ్ళు కబురు పెట్టారు. ఆవిడ కూడా వెళ్ళి చూసింది. రెండు గోడల తిత్తులు, లోపలి గోడ ముడతలు పడి నక్షత్రంలా ఉంది. ఒంట్లో ఉన్నది ఒక్కటే కణం, బుర్ర అనేదే లేదు. అయినా మందు తగిలితే పెంకు కట్టుకుని నెలల తరబడి ముడుచుకుని కూర్చోవాలన్న తెలివి దానికుంది. తన మరిదికన్నా ఇదే నయమనుకుంది ఆవిడ.

దానికి తయారు సీసా ఆ ఊళ్ళో ఏ దుకాణంలోనూ లేదు. ఆపరేషన్‌కి ముందు చర్మం శుభ్రం చేస్తారే, ఆ మందు జాతిదే కావాలి. కాకపోతే సబ్బూ రంగూ కలవనిది. ఆవిడ దాన్ని తెప్పించి, వెయ్యి రెట్లు పలచన చేసి, సూక్ష్మమైన వడపోత గుండా దింపి, సీసాల్లో నింపింది. గంటకో చుక్క, పగలూ రాత్రీ తేడా లేకుండా, మొదటి కొన్ని రోజులు. ఆ తర్వాత మెలకువగా ఉన్నంతసేపు. ఆ తర్వాత నెలల కొద్దీ, తిత్తుల్లో దాక్కున్నది ఒక్కటీ మిగలకుండా.

డ్రైవరమ్మని వార్డులో చేర్చుకున్నారు. చుక్క మండేది. వేసిన ప్రతిసారీ ఆమె మంచం పట్టీని రెండు చేతులా పట్టుకునేది. మొగుడు ఫోనులో గంటగంటకీ మోత పెట్టుకుని, ఒక్కటి కూడా తప్పనివ్వలేదు. పన్నెండో రోజున ఆమె గుడ్డ తీసి దిండు పక్కన పడేసి, "ఇవాళ కాస్త అన్నం తింటాను" అంది.

ఈలోపే దొర తిరిగొచ్చాడు. ల్యాబు కాగితం చూశాడు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, మొహం రంగు మారింది. తర్వాత ఛాతీ విరుచుకున్నాడు.

"నేను మొదట్నించీ అనుమానిస్తూనే ఉన్నాను" అన్నాడు అందరి ముందూ.

నెల తిరక్కుండానే డాక్టర్ల సభలో ఆ అరుదైన వ్యాధి గురించి, దాన్ని తాను పట్టుకున్న తీరు గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. రోగికి రెండు నిమిషాలు, తన గొప్పకి నలభై. అక్కణ్ణుంచి తెచ్చుకున్న పూలగుత్తితో తిన్నగా మందుల గదికి వచ్చాడు.

"వదినగారూ, ఆ పాత చీటీల నకళ్ళు మీ దగ్గరుంటాయి గదా, స్టెరాయిడ్‌వి. వాటితో పనేముంది? తీసేయండి. ఇంట్లో మనిషి గాబట్టి మీకు చెబుతున్నా."

"చూస్తాను" అంది ఆవిడ. ఆయన మొహంలో భయం చూడటం అదే మొదటిసారి. జాలి పడదామనుకుంది గానీ, రాలేదు.

నాలుగో నెలలో డ్రైవరమ్మ కిటికీ దగ్గరికి వచ్చి, ఉద్యోగం తాలూకు వైద్యుల బోర్డుకి తను వాడిన మందుల కాగితాలన్నీ కావాలంది. ఆవిడ నకళ్ళన్నీ తీసి, వరసగా పేర్చి, ఒక్కటీ దాచకుండా ఇచ్చింది. డ్రైవరమ్మ మంచి కన్ను దగ్గరగా పెట్టి చదువుకుంది.

"ఈ చుక్కలు రోగాన్ని పెంచాయని చిన్న డాక్టరమ్మ చెప్పింది. పెద్దాయనకి తెలీకే రాశాడా?"

"తెలీకే రాశాడు. తెలుసుకుందామని కూడా అనుకోలేదు."

"మరి మీకు?"

ఆవిడ అబద్ధం ఆడి ఉండవచ్చు. "నాకు అనుమానం ఉంది. మొదటి రోజే. మీరు రెండోసారి వచ్చినప్పుడు పైకెళ్ళి చెప్పాను, నవ్వాడు. కిందికొచ్చి మీకు ఇచ్చేశాను."

డ్రైవరమ్మ కాగితాలు మడిచింది. "మా డిపోలో మెకానిక్కులున్నారు. బ్రేకు పట్టట్లేదని తెలిసి, పైవాడికి మొహమాటపడి, తాళాలు నా చేతిలో పెడితే వాణ్ణేమంటానో తెలుసా?"

"అనండి. పడతాను."

"ఏమీ అనను. వాడి మొహం చూడను." తల తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ స్టూలు మీద కూలబడింది. పదహారేళ్ళుగా మరిదిని కొలుస్తూ వచ్చిన కొలబద్దని మొదటిసారి తన పక్కన నిలబెట్టి చూసుకుంది. ఆయన మూర్ఖుడు. తను తెలివైనది. కంట్లో పడిన చుక్క మాత్రం తను ఇచ్చిందే. తన నోటి మీద తనకే ఉమ్మెయ్యాలనిపించింది.

కాగితాలు బోర్డు నించి ఆసుపత్రి యాజమాన్యానికి చేరాయి. ఆ సాయంత్రమే చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, ఆయన పరువు తీశావు. ఇంటి మనిషివి అనుకున్నామే!"

"నేను తీసేంత పరువు ఆయనకి ఎక్కడుందే? కంటికి మాత్రం నేను కూడా ద్రోహం చేశాను. ఆ మాట కూడా యాజమాన్యానికి రాసిచ్చాను. నా సంతకంతో."

ఫోన్ పెట్టేసింది చెల్లెలు. ఆదివారం భోజనాలు ఆగిపోయాయి. విచారణ జరిగింది. దొరని రోగుల్ని చూడనివ్వకుండా పరిపాలన విభాగానికి మార్చి, శిక్ష కింద ఇంకా పెద్ద గది ఇచ్చారు. ఫోటో అక్కడ కూడా తగిలించుకున్నాడు. ఆవిడకి ఒక హెచ్చరిక కాగితం వచ్చింది. చదివి, తక్కువే రాశారనుకుంది. అప్పట్నించీ రోగి లెన్సులు పెడతాడో లేదో రాయని చీటీ వస్తే మందు ఇవ్వడం మానేసింది. ఎంత పెద్దవాడు రాసినా వెనక్కి పంపేది. డాక్టర్లు విసుక్కున్నారు. విసుక్కోనిచ్చింది.

పదకొండో నెలలో చుక్కలు ఆపేయమన్నారు. అమీబా చచ్చింది గానీ నల్లగుడ్డు మీద మచ్చ మిగిలింది. ఎవరైనా కన్ను దానం చేస్తే కొత్త పొర వేస్తారు. అందాకా బస్సు నడపడానికి లేదు. డిపోలో కొత్త డ్రైవర్లకి పాఠాలు చెప్పే పని ఇచ్చారు. ఆఖరి సీసా వెనక్కి ఇవ్వడానికి డ్రైవరమ్మే వచ్చింది. కిటికీలో పెట్టింది. ఆవిడ మొహం మాత్రం చూడలేదు.

"మళ్ళీ ఎవరన్నా వచ్చారా, నాలాంటోళ్ళు?"

"ఒకాయన. ఈత నేర్పేవాడు. రెండో రోజే గీకి చూశారు."

"కన్ను?"

"బాగుంది."

డ్రైవరమ్మ ఆసుపత్రి ముందు మెట్ల కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగిపోయింది. ఆవిడ సీసా మూత తీసి, మిగిలిన మందు తొట్టిలో పారబోసి, తర్వాతి చీటీ అందుకుంది.