అప్ప కదల్లేదు

నాగావళి జట్టు వరసగా ఓడిపోతున్న ఆ సీజన్‌లో, శ్రీకాకుళం ఇండోర్ కోర్టు తాళం తీసే వేళకి మెట్ల మీద కూర్చుని ఉండే మనిషి సుహాసిని ఒక్కతే. ఆమదాలవలసలో ఇంటిపని ముగించుకుని స్కూటీ మీద వచ్చేది. మిగతావాళ్ళు ఆవులిస్తూ వచ్చి బూట్ల తాళ్ళు కట్టుకునేసరికి ఆమె టీషర్టు చెమటకి ఒంటికి అంటుకుపోయి ఉండేది.

ఆమె ఆ జట్టు కెప్టెన్. ముప్పై దాటింది. చాలా ఊళ్ళలో చాలా జట్లకి ఆడి, మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ పెట్టాక సొంత జిల్లా జట్టుకి వచ్చి చేరింది. జట్టులో చిన్నవాళ్ళందరూ సొంత అక్కని పిలిచినట్టు 'అప్పా' అని పిలిచేవారు. ఆ పిలుపంటే ఆమెకి ఇష్టం. దానికి తగ్గట్టు ఉండాలని ఆమె పట్టుదల. బంతి ఎక్కడ పడితే అక్కడ ఆమె ఉండేది. ఎవరు కాపలా కాయాల్సిన మనిషి తప్పించుకుపోయినా వెనక నుంచి పరిగెత్తుకొచ్చి అడ్డం నిలిచేది. మోకాళ్ళు ఎప్పుడూ దోక్కుపోయే ఉండేవి.

అయినా జట్టు ఓడిపోతూనే ఉంది. ఒక ఓటమి తర్వాత కోచ్ భాస్కర్ విలేకరులతో, "మా అమ్మాయిల్లో ఆట ఉంది, కష్టం లేదు," అన్నాడు. మర్నాడు అది పేపర్లో పెద్ద అక్షరాలతో వచ్చింది. సుహాసిని ఆ పేపరు పట్టుకుని డ్రెస్సింగ్ రూములోకి వెళ్ళి తలుపు మూసింది.

"ఓడిపోతన్నందుకు నాకు సిగ్గునేదు. పరిగెత్తకుండా ఓడిపోతన్నందుకు సిగ్గుగున్నాది," అంది. "శైలూ, నిన్న నీ మనిషి ఎన్నిసార్లు నిన్ను దాటిపోనాదో సూసినావా? ఆపడానికి నాను రావాల. అక్కడనుంచి మళ్ళీ నా మనిషి దగ్గరికి నానే పరిగెత్తాల. ఎంతకని పరిగెత్తుతాను?"

శైలజ తల వంచుకుంది. జట్టులో అందరికన్నా వేగంగా ఆడే పిల్ల ఆమె. కళింగపట్నం దగ్గర ఊరు. బంతి చేతిలో ఉన్నప్పుడు గాలిలా పోతుంది. బంతి అవతలివాళ్ళ చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఏదో ఆలోచిస్తున్నట్టు నెమ్మదిగా కదులుతుంది.

మూల కూర్చున్న రాగసుధ నోరు విప్పింది. బొబ్బిలిలో వీణ నేర్పే ఇంటి పిల్ల. జట్టులో అందరికన్నా పొడుగు, అందరికన్నా తక్కువ మాట్లాడుతుంది.

"నువ్వు అన్ని చోట్లకీ వచ్చేస్తుంటే మేం ఎక్కడికి పరిగెత్తాలి అప్పా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. సుహాసిని దాన్ని వెటకారం అనుకుంది. "రేపట్నుంచి అందరూ నాతో పాటే రావాల. తలుపు తీసేసరికి ఇక్కడుండాల," అని బయటికి వచ్చేసింది. మర్నాడు అందరూ వచ్చారు. ఆ తర్వాత ఒక్కొక్కరే తగ్గిపోయారు. వారం తిరక్కుండా మెట్ల మీద మళ్ళీ ఆమె ఒక్కతే మిగిలింది.

బరంపురం జట్టుతో ఆట రోజు సంగతి మారింది. ఆ రోజు మధ్యాహ్నం ఆటలో సుహాసిని ఎప్పటిలాగే కోర్టంతా తిరిగింది. శైలజని దాటి వచ్చిన అమ్మాయిని ఆపబోయి ఆమె చేతి మీద కొట్టింది. ఫౌల్. మరోచోట సాయానికి వెళ్ళబోయి ఒకామెను గుద్దుకుంది. ఇంకో ఫౌల్. అలా నాలుగయ్యాయి. సగం ఆట అయ్యాక, మళ్ళీ శైలజ మనిషి కోసమే ఎగిరి, ఐదో ఫౌల్ తెచ్చుకుంది. ఐదు ఫౌళ్ళయితే ఆ మనిషి ఇక ఆ రోజు ఆడకూడదు. జట్టు పదకొండు పాయింట్లు వెనకబడి ఉంది. ఆమె తువ్వాలు తల మీద కప్పుకుని బెంచి మీద కూలబడింది. ఇక అయిపోయినట్టే అనుకుంది.

కాసేపటికి కోర్టులోంచి ఒక గొంతు వినబడి తువ్వాలు తీసి చూసింది. "శైలూ, ఎడమ! ఎడమ పక్క నానున్నాను, నువ్వు కుడికి తోసీ!" అరుస్తున్నది రాగసుధ. కోర్టులో ఆ పిల్ల గొంతు అంత పెద్దగా ఉంటుందని సుహాసినికి ఇన్నాళ్ళూ తెలీదు. శైలజ నడుం వంచి, చేతులు చాపి, తన ముందున్న అమ్మాయిని అంగుళం కూడా వదలకుండా నిలబడింది. బంతి చేతులు మారుతోంది. ఎవరూ ఎవరి కోసమూ ఆగి చూడటం లేదు. పదకొండు ఆరయింది, ఆరు రెండయింది. చివరికి నాగావళి నాలుగు పాయింట్లతో గెలిచింది.

సుహాసిని లేచి చప్పట్లు కొట్టింది. పరిగెత్తుకొచ్చిన పిల్లల్ని ఒక్కొక్కరినీ కావలించుకుంది. ముఖం నవ్వుతోంది, లోపల మాత్రం తను బెంచి మీద కూర్చున్నాక వచ్చిన పాయింట్లు లెక్కపెడుతోంది. ఇంటికి పోయేదాకా ఆ లెక్క ఆగలేదు.

గెలిచిన సంతోషంలో భాస్కర్ జట్టుని కళింగపట్నం సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళాడు. ఇసకలో పరుగులు పెట్టించాక అందరూ నీళ్ళలోకి దిగారు. ఒడ్డున ఎండు చేపల వాసన. లాగిపెట్టిన పడవ నీడలో శైలజ ఒక్కతే కూర్చుని పాదాల ఇసక దులుపుకుంటుంటే సుహాసిని వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఒక్క మాట అడుగుతాను, నిజం సెప్పు. మొన్న అలగ ఆడినావు కదా. నానున్నప్పుడెందుకాడవు?"

"సెప్తే కోపం రాదు కదా?"

"రాదు, సెప్పు."

శైలజ సముద్రం వైపు చూస్తూ అంది. "నువ్వొస్తావని, అప్పా. నన్ను దాటి ఎవర్తి పోనా ఎనకాల నువ్వుంటావు. అది తెలిసీసినాక కాళ్ళు వాటికవే ఆగిపోతాయి. మొన్న నువ్వెల్లి కూకున్నాక భయమేసింది. ఎనకాల ఎవులూ నేరు. ఆ భయానికే అలగ పరిగెత్తీసినాను."

కోపం రాదని సుహాసిని మాట ఇచ్చింది. కానీ కోపం వచ్చింది. ఆ పిల్ల మీదో, తన మీదో తేల్చుకోలేకపోయింది. ఇన్నేళ్ళ పరుగూ, దోక్కుపోయిన మోకాళ్ళూ, పొద్దున్నే మెట్ల మీద కూర్చోవడమూ — అదంతా జట్టుకి బలం అనుకుంది. అదే జట్టుకి బద్ధకం నేర్పిందంటే ఎలా నమ్మాలి?

ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు భర్త గిరిబాబుకి చెప్పింది. అతనికి ఊళ్ళో బియ్యం కొట్టుంది. ఆట గురించి పెద్దగా తెలీదు.

"ఇంట్లో కూడా నువ్వంతే కదా," అన్నాడతను ముద్ద కలుపుకుంటూ. "అందరి పనీ నువ్వే సేసీసి, తర్వాత ఎవులూ సెయ్యనేదని కూకుంటావు."

ఆమె కంచం విసురుగా పక్కకి జరిపి లేచిపోయింది. అతను ఏం తప్పు మాట్లాడాడో అతనికి అర్థం కాలేదు. తప్పు మాట్లాడలేదని ఆమెకి తెలుసు.

తర్వాతి ఆట నుంచి భాస్కర్ ఆమెను బెంచి మీద కూర్చోబెట్టాడు. "కెప్టెన్‌వి నువ్వే. కానీ మొదట వాళ్ళని ఆడనిద్దాం," అన్నాడు. మధ్యలో ఎప్పుడైనా దింపితే ఒకటే మాట చెప్పేవాడు. "నీ మనిషిని వదలకు. పక్కోళ్ళ పని పక్కోళ్ళని చేసుకోనీ." ఆమె తల ఊపేది. కానీ కోర్టులోకి దిగగానే కాళ్ళు ఆమె మాట వినేవి కావు. శైలజ ఒక అడుగు వెనకబడితే చాలు, తను రెండడుగులు అటు వేసేసేది. భాస్కర్ వెంటనే వెనక్కి పిలిచేసేవాడు. పిల్లలు కొన్ని గెలిచారు, కొన్ని ఓడారు. ఆమె పేరు పోస్టర్ల మీద ఉండేది. ఆట జరుగుతున్నంతసేపూ ఆమె బెంచి మీద ఉండేది.

చివరి ఆట విశాఖ జట్టుతో. గెలిస్తే ఆఖరి స్థానం తప్పుతుంది. తప్పకపోతే సగం మందిని మార్చేస్తానని జట్టు యజమాని ముందే చెప్పాడు. ఏ సగమో ఎవరికీ తెలీదు. ఆ ఆదివారం కోర్టు నిండిపోయింది. ఊళ్ళ నుంచి రైలెక్కి ఆమదాలవలసలో దిగి, ఆటోలు పట్టుకుని మరీ వచ్చారు జనం.

ఆట ఆఖరి సెకన్లలోకి వచ్చేసరికి నాగావళి ఒక్క పాయింటు ముందుంది. బంతి విశాఖది. నాగావళిలో ఒక పిల్లకి పిక్క పట్టేసి కుంటుతూ బయటికి వచ్చింది. భాస్కర్ బెంచి వైపు తిరిగి సుహాసినిని చూశాడు.

"మూలనుండే అమ్మాయి నీది. దూరం నుంచి కొడితే గురి తప్పదు. వదలకు," అన్నాడు.

ఆమె దిగింది. విశాఖ జట్టులో బంతి నడిపించే గార్డు మధ్యలోంచి మొదలుపెట్టింది. ఆమె ఎదుట శైలజ. ఆ గార్డు ఒకసారి ఎడమకి ఊగి, కుడివైపుకి కోసుకుపోయింది. సుహాసిని చూసింది. శైలజ పాదం సగం అడుగు ఆలస్యమైంది. సీజనంతా చూస్తున్న సగం అడుగే అది. ఇప్పుడు కదిలితే అడ్డం చేరుకోగలదు. ఆమె కాళ్ళలో పరుగు అప్పటికే మొదలైంది.

ఆపుకుంది. బలవంతాన, పళ్ళతో కింద పెదవి కరుచుకుని ఆపుకుంది. ఆపుతుంది, ఆ పిల్ల ఆపగలదు, అనుకుంది. తను పక్కకి వెళితే మూలనున్న అమ్మాయి ఒంటరిగా మిగిలిపోతుంది. అది కూడా లెక్క వేసుకుంది. చేతులు చాపుకుని తన మనిషి దగ్గరే నిలబడింది.

శైలజ అందుకోలేకపోయింది. రాగసుధ వచ్చేలోగా బంతి బోర్డుకి తగిలి రింగులో పడింది. ఆట అయిపోయినట్టు బూర మోగింది.

గ్యాలరీలోంచి ఎవరో అరిచారు. "ఏటమ్మా కెప్టెనూ, బొమ్మలాగ నిలబడిపోనావేటి!"

డ్రెస్సింగ్ రూములో గోడకి ఆనుకుని ఒక పిల్ల ఏడుస్తోంది. ఆ ఏడుపు మధ్యలోనే అంది. "ఒక్క అడుగు, అప్పా. ఒక్క అడుగేసుంటే ఆగిపోయీది కదా. ఎందుకు కదల్నేదు?"

సుహాసిని శైలజ వైపు చూసింది. ఆ పిల్ల ఒక్క మాట అంటే చాలనుకుంది. నా మనిషే, నేనే వదిలేశాను, అని. అంటే తిట్టేవాళ్ళు ఎవరూ లేరు ఆ గదిలో. శైలజ బూటు తాడు ముడి విప్పుతూ కూర్చుంది. విప్పడం అయిపోయాక కూడా తల ఎత్తలేదు. రాగసుధ ఆమె వైపొకసారి, సుహాసిని వైపొకసారి చూసి, తన సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది.

సుహాసిని కూడా చెప్పలేదు. చెబితే తప్పు పిల్ల మీదకి తోసినట్టవుతుంది. కెప్టెన్ చేసే పని కాదు అది.

బయట విలేకరులు అడిగినప్పుడు భాస్కర్ నుదురు తుడుచుకుంటూ, "అనుభవం ఉన్న మనిషి. అలాంటి టైములో సాయానికి వెళ్ళాలి కదా," అన్నాడు. వదలకు అని తను చెప్పిన మాట అతనికి గుర్తులేదో, గుర్తుండే అన్నాడో. ఆ ఆఖరి క్షణాల వీడియో మర్నాటికి జిల్లా అంతా ఫోన్లలో తిరిగింది. అందులో అందరూ కదులుతుంటారు. ఒక మూల సుహాసిని చేతులు చాపి నిలబడి ఉంటుంది. వయసైపోయిందనీ, ఒళ్ళొంగడం లేదనీ కింద రాశారు. కష్టపడని వాళ్ళకి కెప్టెన్సీ ఎందుకని ఒకరు రాశారు. గిరిబాబు దాన్ని ఆమెకి చూపించకూడదనుకున్నాడు. కానీ కొట్టుకి వచ్చినవాళ్ళే ఆమె ముందు ఫోన్ తెరిచి పెట్టారు.

జట్టులోంచి తీసేసిన సగం మందిలో ఆమె పేరు మొదట ఉంది. శైలజని కెప్టెన్ చేశారు.

కొత్త సీజన్ మొదలయ్యే ముందు శైలజ ఆమదాలవలస వచ్చింది. కొట్టులో బియ్యం బస్తాల మధ్య, గిరిబాబు వేసిన ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుంది. సుహాసిని ఆమెకి టీ తెప్పించింది. ఊరి సంగతులడిగింది. వాళ్ళమ్మ ఆరోగ్యం అడిగింది. గ్లాసు ఖాళీ అయ్యాక శైలజ అంది.

"ఆ రోజే సెప్పాలప్పా నాను. నోరు రానేదు. అందరూ నీ వైపే సూస్తన్నారు కదా, ఇంక నా వైపు సూడరనుకున్నాను."

"ఇప్పుడు నాకు సెప్పి ఏటి లాభం? అప్పుడు వాళ్ళకి సెప్పాల," అంది సుహాసిని.

"నన్ను తిట్టు, అప్పా."

"తిడితే నీకు తేలికైపోతాది. తిట్టను."

శైలజ కళ్ళు తుడుచుకుంది. "మొదటి ఆట శనివారం. వస్తావా?"

"సూద్దాం."

ఆమెను ఆటో ఎక్కించి వచ్చాక సుహాసిని గ్లాసు కడిగి బోర్లించింది. అంత గట్టిగా అనకుండా ఉండాల్సిందా అనుకుంది. ఇంకా గట్టిగా అనాల్సింది అని కూడా అనుకుంది.

శనివారం వెళ్ళలేదు. సాయంత్రం కొట్టులో ఒకామెకి బియ్యం తూస్తుండగా గిరిబాబు ఫోన్ పట్టుకుని లోపలికి వచ్చాడు. "మనోళ్ళు గెలిచీసినారే! శైలజ బాగా ఆడినాదంట!" అన్నాడు ముఖం విప్పార్చుకుని.

"అలగా," అంది ఆమె. కాటా ముల్లు నిలబడేదాకా చూసి, సంచి మూతి కట్టి, ఆ మనిషి చేతికిచ్చింది. సంతోషం వస్తుందేమోనని కాసేపు ఆగింది. రాలేదు. రాలేదని గిరిబాబుకి కూడా చెప్పలేదు.