ఖమైస్ నీటిచెక్క

మన్నూబియా అల్లుడు నిజార్‌కు సముద్రంలో వాటా వచ్చిందని స్ఫాక్స్‌లో అతని చుట్టాలు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నవ్వరూ మరి! నగరం మనుషులు. కెర్కెన్నా దీవిలో పొలాల్లాగే నీళ్లు కూడా మనుషుల సొంతమనీ, వాటికీ హద్దులుంటాయనీ, ఆ హద్దుల దగ్గర మాటలు మానేసిన ఇళ్లున్నాయనీ పాపం వాళ్లకేం తెలుసు!

నిరుడు ఖమైస్ పోయాడు. కొడుకుల్లేరు. నడుంలోతు నీళ్లలో ఆయన ఏటా ఖర్జూర మట్టలతో దడి కట్టి, చివర బుట్టలు పెట్టి చేపలు పట్టిన నీటిచెక్క, ఆ కాస్త సముద్రపు ముక్క, భార్య మన్నూబియా చేతికొచ్చింది. ఆమె అల్లుణ్ణి పిలిచింది. సెల్‌ఫోన్లు బాగుచేసుకునే ఆ సుకుమారుడు కొట్టు మూసి, భార్య దలెందాను వెంటబెట్టుకుని పడవ దిగాడు. అరచేతులు బొబ్బలెక్కేలా మట్టలు మోసి దడి కట్టాడు. ముచ్చటగానే కట్టాడు. కాకపోతే దడి నోరు లోతు సముద్రం వైపు పెట్టాడు.

"చేపలు వచ్చేది అటునించేగా అత్తయ్యా?"

"వచ్చే చేపకి ఎదురెళ్లి స్వాగతం చెప్పావు నాయనా, సంతోషం. మనం పట్టేది పోయే చేపని. పోటుతో ఒడ్డుకొచ్చి, మేసి, ఆటుతో తిరిగెళ్తుందే, దాన్ని!"

అంతా పీకి మళ్లీ నాటాడు. ఈసారి నోరు సరిగ్గానే ఉంది గానీ దడి నిండా సందులు. బుట్టలు ఖాళీ. కాఫీ కొట్టు దగ్గర అందరికీ కాలక్షేపం దొరికింది.

"ఏమోయ్ నిజార్, నీ హోటల్లో చేపలు ఎన్నాళ్లుంటున్నాయి? అద్దె ఇస్తున్నాయా?"

నిజార్ నవ్వి ఊరుకునేవాడు. ఖమైస్ తమ్ముళ్లు మాత్రం నవ్వలేదు. "శుక్రవారం పొద్దున వచ్చి బుట్టలు ఎత్తి చూస్తాం వదినా. ఖాళీగా ఉంటే సాసీకి అమ్మేద్దాం. ఊరికే పాడుపెట్టడం దేనికి?" అన్నారు.

సాసీకా! పక్క చెక్క వాడు. మూరెడు నీటి కోసం జీవితమంతా ఖమైస్‌తో పోట్లాడినవాడు. మన్నూబియాకు ఒళ్లు మండిపోయింది. ఆయన నిలబడిన నీళ్లలో ఆ సాసీగాడు నిలబడితే తను చూస్తూ బతకాలా?

శుక్రవారం తెల్లవారుతుండగా, అవతలి ఊళ్లో పినతల్లి కూతుర్ని బతిమాలి తెచ్చుకున్న చేపలు బకెట్లో వేసుకుని, బట్టలు ఎగదోపుకుని నీళ్లలోకి దిగింది. బతికున్నవే. అల్లుడి బుట్టలో జారవిడిచి వచ్చేద్దామని.

బుట్ట దగ్గర అప్పటికే ఎవరో వంగి ఉన్నారు. సాసీ!

"దొరికావురా! పక్కవాడి బుట్టలో చెయ్యి పెడతావా? సిగ్గు లేదూ?"

"అరవకు వదినా, నీకు పుణ్యముంటుంది. ఊరంతా లేస్తారు."

అతని చేతిలో గంప ఖాళీగా ఉంది. బుట్టలో మాత్రం చేపలు టపటపా కొట్టుకుంటున్నాయి. మన్నూబియా తెల్లబోయింది.

"ఇవెక్కడివి?"

"నావే. నీ బకెట్లో ఏంటి?"

"నీళ్లు."

బకెట్లోంచి ఒకటి ఎగిరిపడింది.

"మీ ఇంటి నీళ్లకి తోక కూడా ఉందే!"

"వేళాకోళం కట్టిపెట్టు. ఈ చెక్క నీకు కావాలిగా? దీనికోసమేగా ఆయన్ని అన్నాళ్లు రాచిరంపాన పెట్టావు?"

సాసీ గంపను అటూ ఇటూ తిప్పాడు.

"పొద్దున్నే నేను పడవ దిగేసరికి వాడిక్కడ నిలబడి ఉండేవాడు వదినా. 'ఒరే హద్దుల దొంగా, లేచావా' అని మొదలుపెట్టేవాడు. నా తాతని కూడా వదిలేవాడు కాదు. వాడు పోయినప్పట్నించి ఒక్కడూ నన్ను తిట్టలేదు. అందరూ మర్యాదే. తిన్న రొట్టె ఒంటికి పట్టట్లేదు. ఇది కూడా నాదైపోతే, ఇక అవతల మనిషే ఉండడు."

ముఖం తిప్పుకున్నాడు. మన్నూబియా ఇంట్లోనూ ఏడాదిగా గట్టి మాట వినపడలేదు. బకెట్ ఎత్తి తన చేపలు కూడా బుట్టలో గుమ్మరించింది.

"రేపట్నించి మావాణ్ణి నీతో తిప్పుకో. సందులు ఎలా పూడ్చాలో నేర్పు."

"నేర్పుతా. కానీ మరీ మెత్తని మనిషి వదినా. నోరు తెరిచి ఒక్క మాటనడు."

"దాని సంగతి నాకొదిలెయ్," అంది మన్నూబియా. "ఆయన తిట్లన్నీ నాకు కంఠస్థం."