తెగులు లేని వైపు

లింగం చెరుకు రైతు. బోధన్ చుట్టుపక్కల చెరుకు వేసేవాళ్లు తగ్గిపోయినా అతను మాత్రం తన రెండెకరాలు వదలడు. అట్లాంటివాడు లోకంలో దేన్నైనా చెరుకుతోనే కొలుస్తాడు. భార్య ఉమారాణి ఎడమ రొమ్ములో క్యాన్సర్ గడ్డ బయటపడినప్పుడూ అదే చేశాడు.

"చెరుకుకు ఎర్రకుళ్లు తెగులు వస్తే ఒక్క దుబ్బు పీకి ఊకుంటమా? పక్క దుబ్బులు గూడ తవ్వి కాలబెడ్తం. ఎడమది తీసే రోజే కుడిది గూడ తీసెయ్యమందం" అన్నాడు.

విన్నవాళ్లంతా తలూపారు. లింగం వదిన వసంతమ్మ అయితే "పీడ పోతది" అని తేల్చేసింది. ఒకరి ఒంటి మీద ఇంతమంది పెత్తనం ఏమిటో! ఉమారాణి భయం ఉమారాణిది. స్నానానికి పోయినప్పుడల్లా కుడి రొమ్మును తడిమి తడిమి చూసుకునేది. ఏ గడ్డా తగలకపోతే ఊపిరి పీల్చుకునేది. మర్నాటికి మళ్లీ అదే గుబులు.

ఆపరేషన్‌కు నాలుగు రోజుల ముందు నిజామాబాద్ ఆసుపత్రిలో, డాక్టర్ హర్షిణి ముందు లింగం తన చెరుకు పాఠమంతా అప్పజెప్పాడు. ఆవిడ నవ్వలేదు, ఓపిగ్గా విన్నది.

"చెరుకు సంగతి మీకే తెలుసు లింగం గారూ. కానీ ఇది అట్ల కాదు. ఎడమ నుంచి కుడికి పాకడం చాలా అరుదు. తిరగబెడితే ఒంట్లో వేరే చోట తిరగబెట్టే భయమే ఎక్కువ, దానికే ఆపరేషన్ తర్వాత మందులిస్తం. కొందరికి పుట్టుకతోనే ముప్పు ఉంటది. వాళ్లకైతే రెండోది తీయించుకునే సంగతి మేమే చెప్తం. ఉమారాణి గారి పరీక్షలో అదేం లేదు. కుడిది తీసినందుకు ఆయుష్షు పెరగదు. ఏడాదికోసారి చూస్తుంటం."

లింగం ముఖం వాడిపోయింది. "అయినా ఒక రంది పోతది గద మేడం. నేను సంతకం పెడ్త."

"సంతకం మీది కాదు." డాక్టర్ ఉమారాణి వైపు తిరిగింది. "మీరేమంటరమ్మా?"

గడ్డ బయటపడిన ఈ నెల రోజుల్లో ఆమెను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఉమారాణికి ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపు, ఆ వెనకే ఎందుకో ధైర్యం.

"నాకు భయమే మేడం. కుడిది తీసినా గా భయం పోదు, ఇంకో కాడ కూసుంటది. మంచిగున్నదాన్ని ఉండనియ్యుండ్రి. ఏడాదికోసారి పిలువుండ్రి, వస్త."

లింగం తల దించుకున్నాడు. "నువ్వు లేకుంటే నేనేం గావాలె ఉమా?" అంటూ అంతటి మనిషీ ఏడ్చేశాడు. ఇన్నాళ్లూ చెరుకు పేరు చెప్పి దాచుకున్నది ఇదే.

ఉమారాణి అతని పక్కకు జరిగింది.

"నీకు భయమైతే నా చెయ్యి వట్టుకో. గంతేగాని నన్ను కోయించకు."

అతను పట్టుకున్నాడు. 'ఎడమ రొమ్ము మాత్రమే' అని రాసిన కాగితం మీద ఆమె రెండో చేత్తో సంతకం చేసింది.