కోటయ్య మొహంలో చీకటి

చేపలమ్మే వీరమ్మ నోరు తెరిస్తే గిలకలదిండి రేవులో కాకులు కూడా సద్దుమణుగుతాయి. అలాంటి మనిషి ఇవాళ బందరు కోనేరు సెంటర్లో, కొత్తగా వచ్చిన కంప్యూటర్ స్టూడియోలో ఒద్దికగా కూర్చుని, ఓ పాత ఫొటోని కొంగుతో తుడుస్తోంది.

ఆమె భర్త కోటయ్యకి ఉన్నది ఒకే ఒక్క ఫొటో. ఎనిమిదేళ్ళ కిందట, వేటకి బయల్దేరుతుంటే ఒడ్డున తీసింది. తీసినవాడు పెడన నుంచి కొత్త కెమెరాతో దిగిన తోడికోడలి తమ్ముడు. మహానుభావుడు, పొద్దు పొడిచే సముద్రాన్ని కోటయ్య వెనకాల పెట్టి మరీ నొక్కాడు! సముద్రం ధగధగా వచ్చింది. మొహం మాత్రం మాడిన అట్టే.

ఆ పొద్దున పులుసులో ఉప్పు లేదని కోటయ్య సణిగాడు. వీరమ్మ ఊరుకుంటుందా? ఒడ్డున క్యారేజీ అందిస్తూ నలుగురిలో అరిచింది. "సముద్రంలోకేగా వెళ్తున్నావు, ఓ దోసెడు కలుపుకో!" సరిగ్గా అప్పుడే కెమెరా క్లిక్కుమంది. ఎదురెండలో అతని మొహం వీరమ్మకీ ఆనలేదు. కోటయ్య మారు మాట్లాడకుండా పడవెక్కాడు. తుఫాను అతన్ని తిరిగి రానివ్వలేదు. కోపంతోనే వెళ్ళిపోయాడా? ఆ ప్రశ్న ఆమె గొంతులో చేపముల్లులా దిగబడిపోయింది.

"మొహం కనపడేలా చేస్తారంట గదమ్మా?" అంది, కంప్యూటర్ ముందున్న శాంతితో.

"చూద్దామండీ పిన్నిగారూ."

శాంతి ఫొటోని తెర మీదకి ఎక్కించి, మొహం చుట్టూ గీత గీసి వెలుగు పెంచింది. చీకటి మెల్లగా విడిపోతుంటే వీరమ్మ నోరు తెరుచుకుని చూసింది. అంతలోనే కస్సుమంది.

"ఎవరమ్మా ఈ దొరబాబు? మా ఆయన జన్మలో ఇంత తెల్లగా లేడు. ఎండకి కాలినోడు!"

శాంతి నొచ్చుకోకపోగా పకపకా నవ్వింది. "పెళ్ళి ఫొటోల అలవాటండీ. తెల్లగా చెయ్యకపోతే పెళ్ళివాళ్ళు ఊరుకోరు."

చేసిందంతా చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టింది. తెరంతా వెతికి, పడవ తాడు పట్టుకున్న చేతి దగ్గర ఆగింది. ఫొటోలో ఆ చెయ్యొక్కటే ఎండలోకి చాచి ఉంది. "ఆయన రంగు ఆయన దగ్గరే ఉందండీ" అని, ఆ రంగే తీసి పలచపలచగా మొహానికి పూసింది. నుదురు వచ్చింది. చిన్నప్పటి అమ్మవారి మచ్చలు వచ్చాయి. నీ చెయ్యి చల్లగుండ! వల అల్లే వేళ్ళు కూడా ఇంత ఓపిగ్గా కదలవనుకుంది వీరమ్మ.

శాంతి ఫొటోలో పెదాల దగ్గరికి వచ్చేసరికి వీరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. "నువ్వే చెప్పు తల్లీ. కోపంగా ఉన్నాడా?"

"మీరే చూడండి."

చూసింది. కోటయ్య పెదాలు బిగబట్టి ఉన్నాయి. బుగ్గలు ఉబ్బాయి. కళ్ళ చివర ముడతలు పడ్డాయి. పెళ్ళాం మాటకి నలుగురిలో నవ్వితే లోకువైపోతానని ఆపుకుంటున్నాడు, ఆగట్లేదు.

"ఓరి సచ్చినోడా!" స్టూడియో అదిరేలా అరిచింది వీరమ్మ. "ఆ నవ్వేదో నవ్వేస్తే నీ సొమ్మేం పోయేది? ఎనిమిదేళ్ళు ఏడిపించావు గదయ్యా!"

అరిచి, వెక్కి వెక్కి ఏడ్చి, శాంతి చేతిని తీసి కళ్ళకద్దుకుంది.

"రేపు నీకు పులుసు పట్టుకొస్తా తల్లీ. ఉప్పు సరిచూసే తెస్తాలే."