తోడల్లుడికి లేని కార్డు

నీళ్లు చల్లి, పాత పేపరుతో ఏటీఎం అద్దం తలుపు తుడుస్తున్నాడు ఎల్లేశం. ఎడమ మోకాలు సరిగ్గా వంగదు కాబట్టి కింది సగం తుడవాలంటే నేలమీద కూలబడాలి. ఎల్లారెడ్డిపేటలో తాటిచెట్టు మీది నుంచి పడి పదకొండేళ్లయింది. కల్లుగీత మానేసి సిరిసిల్లలో ఈ కాపలా పనికి చేరాడు.

చొక్కా జేబులో క్రెడిట్ కార్డు ఉంది. టార్గెట్ నిండలేదని బ్యాంకు సార్లు అంటగట్టిన కార్డు. ఏడాదైనా ఒక్కసారీ గీకలేదు. నెలాఖరులోగా వద్దని రాసివ్వకపోతే ఫీజు పడుతుందని మెసేజ్ వచ్చింది. "వాడనిది దేనికి? బంద్ చెయ్యరాదు," అని భార్య రాజవ్వ పొద్దున కూడా పోరింది. ఎల్లేశానికి మనసొప్పడం లేదు.

దానికి కారణం తోడల్లుడు హన్మండ్లు. వాడు మస్కట్ నుంచి వచ్చినప్పుడల్లా అత్తగారింట్లో మంచం వాడికి, చాప ఎల్లేశానికి. పెద్దల్లుడు తనే అయినా కోడికూర గిన్నె ముందు వాడి దగ్గరే ఆగేది. "చిన్నల్లుడు గంత దూరంకెల్లి అచ్చిండు," అనేది అత్త వెంకటవ్వ, ఎల్లేశమేదో పక్కింట్లోంచి లేచొచ్చినట్టు. చెప్పుకోవడానికి సిగ్గేగానీ, ఎల్లేశానికి కడుపు మండిపోయేది. అలాంటి హన్మండ్లుకు ఇదే బ్యాంకు, జీతం కాగితాలు సరిగా లేవని కార్డు ఇవ్వనంది. ఆ పూట ఎల్లేశం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. అప్పటినుంచి పల్చటి చొక్కా జేబులో, బయటికి కనపడేటట్టు పెట్టుకు తిరుగుతున్నాడు. తనకుండి హన్మండ్లుకు లేనిది లోకంలో అదొక్కటే.

పదకొండింటికి హన్మండ్లే వచ్చాడు. మస్కట్‌లో కంపెనీ మూతపడి ఇంటికొచ్చి నాలుగు నెలలు. మనిషి సగమయ్యాడు. అత్తరు వాసన కూడా లేదు.

"అన్నా, ఖతర్ వీసా అచ్చింది. టికెట్ ఇయ్యాల్నే తీస్కోవాలె, లేకుంటె గడువైపోతది. జర నీ కార్డు మీద చేపియ్యవా? మొదటి జీతంల కట్టేస్త."

ఎల్లేశానికి మళ్లీ ఆ మంచం కనిపించింది, మళ్లీ ఆ కూరగిన్నె.

"గది బంద్ చేసిన తమ్మీ. నిన్ననే."

అన్నాక గుర్తొచ్చి జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. హన్మండ్లు ఆ చేతి వంక కాసేపు చూశాడు.

"ఏం గాదన్నా," అని వెనుదిరిగాడు.

ఎల్లేశం కుంటుకుంటూ బ్యాంకు లోపలికి పోయాడు. తానన్న మాట నిజం చేసుకుంటే తప్పు తప్పిపోతుందనుకున్నాడు. కాగితం మీద సంతకం పెట్టించుకుని సారు కత్తెర తీశాడు.

"మంచిగ ఆలోచన చేసినవా? మళ్ల అడిగితె ఇయ్యరు."

అద్దంలోంచి హన్మండ్లు కనిపిస్తూనే ఉన్నాడు. రోడ్డు దాటకుండా ఆ అంచునే నిలబడి ఉన్నాడు. పిలిస్తే వినబడేంత దూరమే.

"కత్తిరియ్యి సార్," అన్నాడు ఎల్లేశం.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి రాజవ్వ వాకిట్లో కూర్చుని ఉంది.

"హన్మండ్లు అచ్చి పోయిండు. టికెట్ కాలేదట. బొంబాయి దిక్కు భీవండి బస్సెక్కిండు, ఆడ హమాలి పని చేస్తడట. బువ్వ తిని పొమ్మంటె తినలే."

"నా గురించి ఏమన్న అన్నడా?"

"ఏమంటడు? అన్న రాత్రి డ్యూటీ పడ్డప్పుడు ఏటీఎం కాడ సలికి కూసుంటడు, గిది ఇయ్యి అన్నడు."

గోడవారగా మస్కట్ దుప్పటి ఉంది. ఎర్రపూలది, జిప్పు కూడా తీయని ప్లాస్టిక్ సంచిలో, తన వెంట మోసుకు పోవడానికి హన్మండ్లు కట్టుకున్న కొత్త తాడుతో సహా.